ఓబులమ్మ పెట్టించిన పుస్తకం వేలం

ఓబులమ్మ ఉండాదే, తూమురాళ్ళపల్లె బడిలో పిల్లోళ్ళకి మధ్యాన్నం అన్నం వండే ఓబులమ్మ, ఆయమ్మకి అక్షరం ముక్క రాదు. ఏలిముద్రే. అట్లాంటామె బడికి లైబ్రరీ పెట్టిచ్చింది, అదీ ఒకరి మొగం ఒకరు సూడని ఇద్దురు పెద్దమనుషుల చేత డబ్బు తీయిచ్చి. ఎట్లనుకుంటాండారు? చెప్తా, కూచోండి. సుబ్బన్నా, ఆ బీడీ ఆర్పు, పొగంతా నా మొగానికే కొడతాంది. ఆఁ. ఏమైందంటే, ఒకనాడు ఓబులమ్మ పొయ్యికాడ పప్పు ఎనుపుతా ఉందంట. ఎనక ఎవరో రాగం తీసి చదువుతాండారు. ఏందబ్బా అని తిరిగి సూస్తే ఐదో తరగతి పిల్ల, కుళ్ళాయమ్మ అని, ఖాళీ బియ్యం గోతాం ముందర కూచోని దాని మీద అచ్చేసిందంతా చదువుతాందంట. నికర బరువు యాభై కేజీలు, తేమ తగలని చోట నిలువ చేయవలెను, అని. అయిపోతానే మళ్ళా మొదటినించీ. ఏమ్మే, నిన్నా అదే చదివితివి, మొన్నా అదే చదివితివి, ఏముండాది దాంట్లో అంటే, ఆ పిల్ల ఏమన్నాదో తెలుసునా? "ఏం లేదవ్వా. నూనె ప్యాకెట్టు మీద కొంచేమే ఉంటాది, దీని మీద శానా ఉంటాది" అన్నాదంట. ఓబులమ్మకి కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. నాకైతే చదువు రాదు సరే, వచ్చిన పిల్ల గోతాలు చదువుకోవాల్నా, అని గరిటె పక్కన పెట్టి నేరుగా మస్తాన్ సారు కాడికి పోయింది.

మస్తాన్ సారు ఆ బడికి పెద్దయ్యవారు. మంచోడే, కాకుంటే నెమ్మది. ఆయప్ప ఏమన్నాడంటే, "ఓబులమ్మా, ఎనక గది ఖాళీగానే ఉండాది. కానీ ఈ ఏడు బడికొచ్చిన డబ్బు సుద్దముక్కలకీ, కారే మిద్దెకీ సరిపాయ. నేను అర్జీలు రాస్తానే ఉండా. ఇంకో మాట, ఆ గది మీద ఎరువుల సొసైటీ వాళ్ళ కన్ను పడింది. దసరా లోపల దాంట్లో పుస్తకాలు పెట్టకపోతే యూరియా మూటలు దింపుతామని కాగితం తెచ్చినారు" అన్నాడు. "అదెట్లా దింపుతారో నేనూ సూస్తా" అనేసి వచ్చింది ఓబులమ్మ. అనడం అన్నాది గానీ చేతిలో ఏముండాది? ఆ దినం నించీ పని కాంగానే ఇంటింటికీ తిరిగింది. ఊరు ఏమిచ్చిందనుకుంటారు? ఒకామె పోయినేటి క్యాలెండరు ఇచ్చింది. ఒకాయన ట్రాక్టరు కంపెనీ వాళ్ళు పంచిన పుస్తకం ఇచ్చినాడు, దాంట్లో అన్నీ చక్రాలే. ఇంగొకాయప్ప పెండ్లి పత్రికలు కట్టగట్టి ఇచ్చి, ఇవీ చదివేవే గదా అన్నాడంట. మీరు నగుతాండారు, ఆయమ్మకి నగు రాలేదు.

సరే, వినాయక చవితి వచ్చె. చవితి అంటే మనకి పూజకంటే లడ్డు పాట ముఖ్యం గదా! మూడు దినాలు సామి చేతిలో ఉండిన లడ్డుని నిమజ్జనం దినం పొద్దున్నే వేలం పెడతారు. ఆ ఊర్లో పాట పాడేది ఇద్దురే అనుకో. నూనె మిల్లు సుంకిరెడ్డి, బోరు లారీల పుల్లయ్య. ఒకరు పాడితే ఇంకొకరు దానిమీద పాడాల్సిందే. ఓడినోడు ఏడాదంతా ఆ యీదిలో తలెత్తి నడవడు. ఇంగ డబ్బంటారా, పాడినోడు అప్పుడే ఈయడు, వచ్చే చవితికి కడతాడు, అది ఆచారం. ఓబులమ్మ కమిటీ వాళ్ళని పోయి అడిగింది, నాయనా, లడ్డు డబ్బులో కొంచెం పిల్లోళ్ళ పుస్తకాలకి ఈయండి, అని. వాళ్ళేమో అది దేవుని డబ్బమ్మా, వచ్చే ఏడు ఇంకా పెద్ద బొమ్మ తేవాల, డీజే పెట్టాల అన్నారు. ఆయమ్మ ఏం చేసిందంటే, బస్సెక్కి టౌనుకి పోయి, తన జీతం డబ్బుతో బొమ్మలుండే కతల పుస్తకం ఒకటి కొనుక్కొచ్చింది. చవితి పొద్దున పిల్లోళ్ళు వాళ్ళ పుస్తకాలకి పసుపు రాసి సామి కాళ్ళకాడ పెడతారే, వాటితోపాటు ఇదీ పెట్టింది. పిల్లోళ్ళవి ఎవరివి వాళ్ళు ఎత్తుకోని పోయినారు. ఇది మాత్రం మూడు దినాలు అట్లే ఉండె.

ఇంగ నిమజ్జనం పొద్దు. మైకు తిమ్మప్ప గొంతు చించుకుంటాండాడు. సుంకిరెడ్డి యాభై అంటే పుల్లయ్య యాభై ఐదు, ఆయప్ప యాభై ఎనిమిది అంటే ఈయప్ప అరవై. అరవైవేలకి పుల్లయ్య కొట్టేసినాడు లడ్డుని. తప్పెట్లు మోగినాయి. సుంకిరెడ్డి మొగం మాడిపోయింది, తువ్వాల దులిపి బుజాన ఏసుకోని ఇంటి దావ పట్టినాడు. సరిగ్గా ఆ నిమిషానికే ఓబులమ్మ తిమ్మప్ప చేతిలో మైకు పెరుక్కొన్నాది! "ఇంకా పాట అయిపోలేదు! సామి కాళ్ళకాడ మూడు దినాలుండిన పుస్తకం ఉండాది. బడి లైబ్రరీ కోసం పాడండి" అన్నాదంట. కమిటీ వాళ్ళు ఉరుక్కుంటా వచ్చినారు. ఇదేం ఆచారమమ్మా, మన ఊర్లో లేదే, అని. "లడ్డు పాట మాత్రం మీ తాతలు పెట్టినారా? నిన్నగాక మొన్న టీవీలో సూసి పెట్టిరి. నేను ఈపొద్దు పెడతాండా" అన్నాది. ఊరంతా గొల్లుమనె. సుంకిరెడ్డి నిలబడినాడు. ఎనక్కి తిరిగినాడు. ఓబులమ్మకి తెలుసు నాయనా, మంట ఆరకముందే పొయ్యి మీద ఎసరు పెట్టల్లని! "ఐదువేలు!" అని అరిచినాడు సుంకిరెడ్డి. పుల్లయ్య లడ్డు నెత్తిన పెట్టుకోని ఉండాడా, ఆయప్పకి పుస్తకం ఎందుకు, లారీ కాగితాలు కూడా క్లీనరు చదివి చెప్పాల. కానీ సుంకిరెడ్డి గొంతు ఇనపడితే చాలు, నోరు ఊరుకోదు. "ఆరు!" అన్నాడు. ఆయన ఎనిమిది, ఈయన పది. ఎక్కుతా ఎక్కుతా సుంకిరెడ్డి ఇరవైతొమ్మిది అన్నాడు, పుల్లయ్య ముప్పై అన్నాడు. ఆడ సుంకిరెడ్డి ఆగినాడు. ఒకటోసారి, రెండోసారి అంటాండాడు తిమ్మప్ప.

"రాసుకోండి, వచ్చే చవితికి ఇస్తా" అని చెయ్యి చాపినాడు పుల్లయ్య. ఓబులమ్మ పుస్తకం ఎనక దాచుకొన్నాది. "లేదు నాయనా, రొక్కం ఇప్పుడే ఈయాల." "ఏందమ్మే, నా మాట మీద నమ్మకం లేదా?" "నీ మాట బంగారం అన్నా. కానీ వచ్చే చవితికి ఈ కుళ్ళాయమ్మ ఐదు దాటి పక్కూరి బడికి పోతాది. దసరాకి ఆ గదిలో యూరియా పడతాది. దేవుడు ఏడాది ఆగుతాడు, పిల్లోళ్ళు ఆగరు" అన్నాది. పుస్తకం మాత్రం ఇడవలే. పుల్లయ్య జేబులు తడుముకొంటే నాలుగొందలు వచ్చినాయి. సుంకిరెడ్డి సూసినాడు. అప్పుడే మిల్లుకి మనిషిని తరిమి, చెనిక్కాయలు కొనే డబ్బులోనించి ఇరవైతొమ్మిది వేలు తెప్పిచ్చి మస్తాన్ సారు చేతిలో పోసినాడు. పోసి, ఆ పుస్తకాన్ని లడ్డు మాదిరే నెత్తిన పెట్టుకోని తప్పెట్లతో ఇంటికి పోయినాడనుకో! తప్పెట్లోళ్ళంతా ఆయన ఎంటే. పుల్లయ్య ఒక్కడే లడ్డు మోసుకోని నిలబడినాడు. ఎంత అవమానం! ఆ మధ్యాన్నమే వెల్డింగు షాపుకి పోయి, లైబ్రరీకి బీరువాలు నావి, నాలుగు చెయ్యి, ఇదో డబ్బు, అన్నాడంట.

దసరా సెలవులకి రెండు దినాల ముందర సొసైటీ వాళ్ళు లారీ తెచ్చినారు. వచ్చి సూస్తే గది నిండా ఆ డబ్బుతో కొన్న పుస్తకాలు, నేలమీద పిల్లోళ్ళు. అన్నం గంట కొట్టినా కుళ్ళాయమ్మ లేచి రాలేదంట. ఓబులమ్మ వాకిట్లో గరిటె పట్టుకోని నిలబడి, దింపండి సూద్దాం, అన్నాది. లారీ ఎనక్కి పాయ. కత ఈడికి అయిపోవాల్సిందే. కానీ పెద్దోళ్ళు ఊరుకొంటారా? డబ్బు నాది, గోడ మీద నా పేరు రాయమని సుంకిరెడ్డి. బీరువాలు లేకుంటే పుస్తకాలు యాడ పెడ్తురు, నా పేరే పైన రాయమని పుల్లయ్య. మస్తాన్ సారుకి చెమటలు పట్టినాయి. ఓబులమ్మ ఏమన్నాదంటే, "గోడ మీద ఎవరి పేరూ ఉండదు. పుస్తకం తీస్కపోయినోళ్ళ పేరు సారు నోటుబుక్కులో రాస్తాడు. మీ పేరు కావాలంటే తీస్కపోండి" అన్నాది. ఏం చేస్తారు, ఇద్దురూ తీస్కపోయినారు.

మొన్న నేను పోయి ఆ నోటుబుక్కు సూపియ్యమని సారుని అడిగినా. పుల్లయ్య పేరు ఒక్కతూరి ఉండాది. సుంకిరెడ్డి పేరు రెండుతూర్లు, పుల్లయ్యకంటే ఒకటి ఎక్కువుండల్ల గదా! ఇంగ సుంకిరెడ్డి పెండ్లాం ఈరనాగమ్మ ఉండాదే, చిన్నప్పుడు ఏడో తరగతిలో ఇంట్లోవాళ్ళు బడి మానిపిచ్చిన మనిషి, ఆ పాటలో వచ్చిన పుస్తకం రెండు దినాల్లో చదివేసి, ఇంకోటుందా సారూ, అని బడికాడికి వచ్చిందంట. ఆయమ్మ పేరు ముప్పై ఏడుతూర్లు ఉండాది. ఇప్పుడు సుంకిరెడ్డి ఇంట్లో ఎంత అరిచినా, ఉండు, ఈ పేజీ కానీ, అంటాదంట. నా పేరా? నా పేరు లేదులే, మీకు చెప్పేదానికే నాకు పొద్దు చాలదు.