మొగ దగ్గర నిలబడే అల

శనివారం సాయంత్రం. సికింద్రాబాద్ కార్ఖానా పేటలోని ఒక ఇంటి కింది వాటాలో, రిటైరైన టీచరు సువార్తమ్మ చింతచిగురు ఏరుతూ, తన దగ్గరే పెరిగిన చెల్లెలి కొడుకు షాలేమ్ చేత ఎండురొయ్యల తలలు గిల్లిస్తోంది. పైవాటా శారదమ్మ మొన్న మెట్ల మీద చెప్పిన మాట ఒకటి ఆమె కడుపులో ఇక ఆగేలా లేదు.

"తల గిల్లమన్నానురా. రొయ్యంతా నలపమన్లేదు."

"గిల్లుతున్న కదా పెద్దమ్మా. ఏదో అడుగుతా అన్నవ్, అడుగు."

"శారదమ్మ చేత పంచాంగం ఎందుకు చూపించుకున్నావ్?"

"నీకెవరు చెప్పిండ్రు?"

"ఆవిడే. 'మీ అబ్బాయి వచ్చే నెల దశమి ఏ పూటదాకా ఉందని అడిగాడండీ, మీలో కూడా ఇవి చూస్తారా' అంది. నేనేం చెప్పను? మా పాస్టరుగారే చూసి రమ్మన్నారని చెప్పనా?"

"అరె, అది పడవ కోసం పెద్దమ్మా."

"ఏ పడవ? డాబా మీదున్నదా? దాని మీద ఆవిడ వడియాలు ఎండబెట్టుకుంటోంది."

"వద్దని చెప్పిన. కయాక్ అది. సముద్రంల తిప్పేది."

"అందుకే సికింద్రాబాద్‌లో కొన్నావు."

"నవ్వుకో. క్లబ్బోళ్లతోని పోతున్నం ఈసారి. నిజాంపట్నం దిక్కు."

"మా ఊరికా?"

"మీ ఊరే. అక్కడ మొగ ఉంది కదా, కాలువ సముద్రంల కలిసే జాగా. దానికి పోటు సూసుకోవాలె, పోటుకి తిథి సూసుకోవాలె. గంతే. నువ్వు ఉత్తగనే పరేషాన్ అయితున్నవ్."

"అవనా మరి? మస్కట్‌కి పోతూ మీ అమ్మ నిన్ను నా చేతిలో పెట్టింది. పంచాంగం అనగానే నాకు పెళ్లే గుర్తొచ్చింది. ఎవర్ని చేసుకుంటావన్నది కాదురా. నాకు చెప్పకుండా చేసుకుంటావేమోనని. అన్నం సయించలేదు నాకు. ఒరేయ్, రొయ్య."

"ఆఁ?"

"చేతిలో రొయ్య పొడైపోయింది. ఇంకోటి తీసుకో."

"పెళ్లి గిళ్లి ఏం లేదు పెద్దమ్మా."

"లేదంటే లేదనుకుంటా. ఆ పోటు సంగతేంటో చెప్పు."

"నీకెందుకిప్పుడు?"

"పుట్టిన ఊరు కదరా."

"ఎనిమిదేండ్లప్పుడు వచ్చేసినవ్ ఈడికి. నీకు జెర కూడా యాదికుండదు."

"అవున్లే, నాకేం తెలుసు. చెప్పు, వింటా."

"ఇగో, పోటుకి సముద్రం నీళ్లు మొగల నుంచి లోపలికి వస్తయి. పాటుకి మళ్లీ బయటికి పోతయి. మొగ సన్నగుంటది కదా, గన్ని నీళ్లు గంత సందుల నుంచి పోవాలంటే ఉరుకుతయి. ఎదురుంగ గాలి కొట్టిందనుకో, అలలు లేస్తయి. లేచి ముందుకి రావు. ఉన్న కాడనే నిలబడతయి. మేం పడవ తీస్కపోయి దాని మీద కూసుంటం."

"నిలబడ్డ అల మీద కూర్చోడానికి లీవు పెట్టి పోతారా?"

"మజా ఉంటది పెద్దమ్మా. నీళ్లు కిందికెల్లి ఉరుకుతుంటయి, నువ్వు మాత్రం ఆడనే ఉంటవ్."

"నేనూ ఇక్కడే ఉన్నాలే ఇన్నేళ్లుగా, పడవ లేకుండా. ఎవరెవరు పోతున్నారు?"

"నేను. క్లబ్బోళ్లు. భవాని."

"భవాని అంటే ఆ రోజు వచ్చి చేపల పులుసు తిని, వద్దంటున్నా కంచం తనే కడుక్కున్న పిల్లేనా?"

"ఆఁ, ఆమెనే."

"బాగుంటుంది."

"ఏంది?"

"పిల్ల. నీకంటే గట్టిగా తెడ్డేస్తుందా?"

"చాలా గట్టిగ. మొన్న హుస్సేన్ సాగర్‌ల నన్ను బోల్తా కొట్టిచ్చి, తనే లాగి పడవల కూసోబెట్టింది."

"చెప్పుకోడానికి సిగ్గు లేదు గానీ మొహం మాత్రం వెలిగిపోతోంది."

"పెద్దమ్మా!"

"సరే సరే. ఇంకెవరున్నారు క్లబ్బోళ్లలో?"

"ఉన్నరు... సూడాలె ఇంక."

"ఏ రోజు?"

"వచ్చే నెల. దశమినాడే. గురువారం."

"ఆదివారం పెట్టుకోకుండా గురువారం ఏంట్రా?"

"ఆ రోజే మంచిది. అంటే, నీళ్లు. నీళ్లకి మంచిది. సూసినం మేం, బాగ సూసినం. అన్నీ కుదిరినయ్. పోటు ఫుల్లుంటది."

"దశమినాడు."

"ఆఁ, దశమినాడు."

"షాలేమ్, మా నాన్న ఉపదేశి. మొగ అవతలి పల్లెలకి ప్రార్థనకి పడవలో పోయేవాడు. మా అమ్మ అమావాస్యకి పంపేది కాదు, పున్నమికి పంపేది కాదు. బైబిలు చేతిలో పట్టుకునే తిథులు లెక్కపెట్టేది. ఏ రోజున పంపేదో తెలుసా?"

"తెల్వదు."

"రొయ్యలు సరిగ్గా గిల్లు. నువ్వు తలలన్నీ ఉంచేస్తున్నావ్."

"ఏ రోజు పంపేది పెద్దమ్మా?"

"అష్టమి పోయాక పంపేది. నవమికి, దశమికి. ఆ రోజుల్లో పోటు మొగలోకి వచ్చిందా అంటే వచ్చిందంతే. నీళ్లు ఉరకవు, కాలవలో నీళ్లలా ఉంటాయి. మా నాన్న పడవలో కునుకు తీస్తూ పోయేవాడు."

"అట్లనా... అంటే మేం... ఫోన్ ఆప్‌ల ఏమో వేరే..."

"ఆప్‌లో ఉన్న చంద్రుడు వేరా? తలొంచుకోకు. రొయ్యలు అయిపోయాయి, ఇంక గిల్లడానికేం లేదు. దశమినాడు నీ అల నిలబడదురా, పడుకుంటుంది. పెళ్లికి నన్ను ఎన్నింటికి రెడీ అవ్వమంటావ్?"