తిరుమలరావు చెప్పిన ‘ఫిట్’

సభాధ్యక్షులు డాక్టర్ చంద్రమౌళిగారికి, ముందు వరుసలోని పెద్దలకు, ముప్పై నాలుగేళ్లు నన్ను భరించిన రైల్వే ఆసుపత్రి సహోద్యోగులకు, ‘కనకం సిస్టర్ ఏం మాట్లాడుతుందిలే, సమోసా తిని పోదాం’ అనుకుని వచ్చిన కాలనీవాళ్లకు, అందరికీ నమస్కారం. (నవ్వులు)

అధ్యక్షులవారు నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు. కోవిడ్ రోజుల్లో మనసు బాగాలేనివాళ్లను ఫోన్‌లోనే కనిపెట్టి ఉండే పని నాకు అప్పగించారు, నిజమే. మంగళవారం మంగళవారం మన ఊరి చుట్టుపక్కల సిర్గిట్టి నుంచి మస్తూరీ దాకా నలభై ఇళ్లకు ఫోన్ చేసి, అవసరమైనవాళ్లను వీడియోలో రాయపూర్ మానసిక వైద్యుడితో కలిపాను, కోవిడ్ పోయినా ఇవాళ్టిదాకా ఆ పని ఆపలేదు, అదీ నిజమే. అదిగో, అప్పారావుగారు నవ్వుతున్నారు. వంకాయ కూర మాడిన సంగతి నాకు ముప్పావుగంట చెప్పి, చివర్లో భోరుమన్నారాయన. ఈ మాట సభలో చెప్పమని ఆయనే అన్నారు లెండి. (నవ్వులు)

కానీ ఈ సన్మానపత్రంలో ‘ఒక్కరినీ పోగొట్టుకోలేదు’ అని ఒక వాక్యం ఉంది. డాక్టరుగారూ, క్షమించండి, మీరు ఇక్కడికి బదిలీ అయి వచ్చింది ఆ తర్వాత, మీకు తెలియదు. ఆ వాక్యం కొట్టెయ్యాలి. నేను తిరుమలరావును పోగొట్టుకున్నాను.

గూడ్సు బండి డ్రైవరు. రెండో వేవులో అతని తల్లి అచ్చియమ్మగారు కోవిడ్ వార్డులో పోయారు. కొడుక్కి కడసారి చూపు కూడా దక్కలేదు. నేను ఫోన్ చేసి ‘ఎలా ఉన్నావు నాయనా?’ అంటే, ‘ఫిట్, సిస్టర్’ అనేవాడు. రైల్వే ఇళ్లలో పుట్టినవాళ్లకు ఆ మాట తెలుసు. డ్యూటీ ఎక్కేముందు అడిగితే డ్రైవరు చెప్పాల్సిన మాట అది. ఒళ్లు కాలిపోతున్నా మా నాన్న ఆ మాటే చెప్పి బండెక్కడం నా కళ్లతో చూశాను. చూసి కూడా, ఐదు మంగళవారాలు, నా ఫోన్ల పుస్తకంలో అతని పేరు పక్కన ‘ఫిట్’ అని రాసుకుని తర్వాతి నంబరు నొక్కాను. ఒకసారి వీడియో పెట్టమన్నాను. నెట్ సరిగ్గా లేదన్నాడు. ఇంకా ఇరవై మంది మిగిలి ఉన్నారు, సరేలే అనుకున్నాను. ఆ ముఖం ఒక్కసారి చూసి ఉంటే...

ఆరో మంగళవారం ఫోన్ అతని భార్య తనూజ ఎత్తింది. ముందురోజే ప్రాణం తీసుకున్నాడని చెప్పింది. నన్ను పల్లెత్తు మాట అనలేదు. ‘మీకూ ఫిట్టనే సెప్పేడా అమ్మా? నాకూ అలాగే సెప్పేడు’ అంది. నాలుగు తిట్టినా బాగుండేది.

ఆ రోజు నుంచి నేనెవరినీ ‘ఎలా ఉన్నారు’ అని అడగలేదు. పొద్దున్న ఏం తిన్నారు, ఎవరు వండారు, ఎంత మిగిలింది అని అడిగాను. అప్పారావుగారి వంకాయ కూర అలా బయటపడిందే. మీలో చాలామంది నన్ను తిండిపోతు అనుకున్నారని తెలుసు. ఆ ప్రశ్న నాకు నేర్పినవాడు తిరుమలరావు. తనూజ ఈ హాల్లోనే, మూడో వరుసలో ఉంది. ‘ఆయన పేరు దాయకండమ్మా, సెప్పండి’ అని తనే అంది.

ఇందాక గుమ్మం దగ్గర తనూజ నన్ను చూసి ‘ఎలాగున్నారమ్మా?’ అని అడిగింది. రిటైరైపోతున్నాను, రేపటి నుంచి ఎవరికీ ఫోన్ చేసే పని లేదని వారం రోజులుగా లోపల కుమిలిపోతున్నదాన్ని, నోటికి ఆ మాటే వచ్చింది. ‘ఫిట్’ అన్నాను. ఆమె నా చెయ్యి వదల్లేదు. ‘పొద్దున్న ఏటి తిన్నారు?’ అంది.

ఏమీ తినలేదు. నేను బాగాలేను. నలుగురిలో ఈ మాట అనడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

స్పందనా, నా చోటికి వచ్చే సిస్టర్‌వి నువ్వే, రేపటి నుంచి ఆ ఫోన్ నీది. ‘అచ్ఛా, అచ్ఛా’ అని గబగబా పెట్టెయ్యకు. పుస్తకంలో తిరుమలరావు పేరు నేను కొట్టెయ్యలేదు, నువ్వూ కొట్టెయ్యకు. దాని కింద నా పేరు రాసుకో.

నా గోడు ఓపిగ్గా విన్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. స్పందనా, మంగళవారం నాకు ఫోన్ చెయ్యి తల్లీ. నేను ‘ఫిట్’ అంటే మాత్రం పెట్టెయ్యకు. సెలవు.