హౌజుల ఈదిన హీరా

ఉప్పుగూడ స్టేషన్ పక్క చాయ్ హోటల్లో ఎల్లప్ప కూర్చున్న బెంచీ మీద ఇంకొకరికి చోటుండదు. మనిషి బక్కపలచనే గానీ, మాట్లాడేటప్పుడు చేతులు ఆడించడానికి జాగా కావాలి. మాదన్నపేటలో ఒక వకీలు గారి దేవిడీలో, పాతకాలపు పెద్ద భవంతిలో, పన్నెండేళ్లు తోటమాలిగా చేశాడు. ఆ శనివారం సాయంత్రం గుమాస్తా శ్రీహరిరావు అతన్ని ఒక సంగతి అడిగాడు. మలక్‌పేటలో కొత్తగా అద్దెకు దిగిన ఇంటి పెరట్లో పెద్ద హౌజు ఉంది, నీళ్ల తొట్టి, మనిషి లోతు. రేపు ఆదివారం తమ కుక్కను అందులో ఈదించాలని పిల్లలు పట్టుబట్టారు. వదలొచ్చా, ప్రమాదమా?

"ప్రమాదమా? కూసో రావు సాబ్. అడగవలసినోన్నే అడిగినవ్. నేను నవ్వుకుంట చెప్పెటోన్ని కాదు, మైసమ్మ తోడు, ఉన్నదున్నట్టు చెప్త. మా వకీల్ సాబ్ దేవిడిల గిట్లనే హౌజు ఉండె. పాత జమానది, నడుమ నీళ్లు చిమ్మే ఫవ్వారా, చుట్టూ నున్నటి గచ్చు గోడ. అండ్ల మా హీరాను దింపిన. హీరా అంటే కుక్క, ఒళ్లంత తెలుపు, ఒక్క చెవు నలుపు. ఒక చక్కర్ కొట్టింది, ఎక్కొచ్చింది, దులుపుకుంటే నా ధోతి తడిసింది. గంతే."

"గింతేనా?" అన్నాడు ఎదుటి బెంచీ మీది ఇశ్రాయేలు. రైలు పట్టాల పని చేసే మనిషి, అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు.

"ఆగు భాయ్, మొదలే కాలే. తెల్లారి పది చక్కర్లు. వారం తిరిగేటాల్లకు నూరు. లెక్క తప్పొద్దని చింతగింజలు పెట్టుకుంట కూసుంటి, గింజలు ఒడిసినయ్ గని కుక్క అలవలే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అమ్మగారి ముక్కుపుడక హౌజుల పడ్డది. ఇంట్ల ఒకటే లొల్లి. నేను సైగ చేసిన, హీరా మునిగింది. బీడీ ముట్టిచ్చిన, అయిపోయింది, ఇంకోటి ముట్టిచ్చిన. గప్పుడు తేలింది. ముక్కుపుడక తెచ్చింది, దాంతోని మూరెడు కొర్రమట్ట చేపను గూడ తెచ్చింది."

"హౌజుల కొర్రమట్ట యాడిది?"

"గదే అసలు ముచ్చట. హౌజు అడుగుకెల్లి మీరాలం చెరువు దాక సొరంగముండె. ఎవ్వలికి తెల్వదు, నాకు తెల్సు, హీరాకు తెల్సు. పొద్దున ఈడ మునిగి ఆడ తేలుడు, పగటి బువ్వకు మల్ల ఇంటికొచ్చుడు. గది చిన్న సంగతే. మూసీకి నీళ్లొచ్చిన ఏడు, రేసుల ఉరికే గుర్రం ఒకటి కొట్టుకపోతుండె. హీరా దుంకి తోక పట్టి గుంజుకొచ్చింది. గుర్రం బతికింది గని, సిగ్గుతోని మల్ల ఎన్నడు రేసుకు పోలే. అవతలి ఒడ్డుకు పోవాలంటే హీరా ఒక్కసారి మొరిగితే నీళ్లు నడుమకు చీలి దారిచ్చినయ్."

"అన్నా, గది బైబిల్ల మోషే సంగతి. నీ కుక్క సంగతి కాదు."

ఎల్లప్ప నవ్వలేదు. "మోషే చేతుల కట్టె ఉండె భాయ్. హీరాకు అది గూడ లేకుండె."

శ్రీహరిరావుకు కావలసింది అది కాదు. "అదంతా సరే ఎల్లప్పా. మా కుక్కకి తాడేమైనా కట్టాలా? పక్కన ఎవరైనా ఉండాలా?"

"ఏమొద్దు సార్. తాడొద్దు, చెక్కొద్దు, మనిషొద్దు. కుక్కకు ఈత ఎవ్వలు నేర్పాలె? ఎత్తి నడుమ ఏసి, మీరు లోపటికి పోయి టిఫిన్ చేస్కోండ్రి. ఏం ఫికర్ లేదు."

"అమ్మయ్య! మా ఆవిడ ఒకటే భయపడుతోంది. పొద్దున్నే దింపేయమని పిల్లలకి చెప్తాను." శ్రీహరిరావు సంచీ తీసుకుని లేచాడు.

"కూసో సారూ."

గల్లా దగ్గర ఖాళీ గంప పెట్టుకుని చాయ్ తాగుతున్న నీలమ్మ అంది. మాదన్నపేట మార్కెట్లో కూరగాయలమ్ముతుంది, ఆ దేవిడీ వెనక గల్లీలోనే ఉంటుంది. "ఎల్లప్పన్నా, చెక్క సంగతి నువ్వు చెప్తవా, నన్ను చెప్పుమంటవా?"

ఎల్లప్ప చేతులు ఆగిపోయాయి.

"హీరాకు ఈత మస్తుగ వస్తుండె సారూ, గది నిజమే. హౌజు మూలకు ఈ అన్ననే ఒక చెక్క ఏటవాలుగ కట్టి, జారకుంట గోనెసంచి కొట్టిండు. దాని మీదికెల్లే ఎక్కుతుండె. సద్దుల బతుకమ్మ నాడు మా వాడకట్టు ఆడోళ్లం గా హౌజులనే బతుకమ్మలు ఏస్తం, ఏటా గదే. కాళ్లకు అడ్డమొస్తదని మేమంటే అన్న చెక్క తీసిండు. మల్ల పెట్టుడు మర్శిండు. తెల్లారి మర్శిపోయిన తాంబాలం కోసం నేనే పోయిన. నీళ్లు గట్టుకు మూరెడు కిందున్నయ్. తంగేడు, గునుగు పువ్వుల నడుమ తేలుతుంది హీరా. గచ్చు మీద గోళ్ల గీతలు సారూ, అన్నీ చెక్క ఉండే మూలకే. తక్కిన మూడు మూలలకు ఒక్క గీత లేదు."

ఇశ్రాయేలు చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"గా మూలకే రావాలని నేర్పింది నేనే," అన్నాడు ఎల్లప్ప. "వేరే తావుకు పోతే ఏమన్న పట్టు దొరుకునో ఏమో. నా మాట నమ్మి ఆడనే గీకింది. ఏడేండ్లాయె. అది మునిగి తేలిందని పది మందికి చెప్తుంటే, ఇంకా ఉన్నట్టే ఉంటది నాకు. గందుకే చెప్త."

శ్రీహరిరావు మళ్లీ కూర్చున్నాడు. సంచీ ఒళ్లో పెట్టుకున్నాడు. "మరి పిల్లలకి ఏం చెప్పను?"

"ఎల్లప్ప అబద్ధాలకోరని చెప్పు సార్. ముందుగాల గదే చెప్పు. రేపు నేను చెక్క పట్టుకొని వస్త, కొట్టి ఇస్త. ఎక్కే జాగ కుక్కకు పదిసార్లు చూపెట్టినంకనే దించుదాం. అది నీళ్లల్ల ఉన్నంత సేపు గట్టు మీదికెల్లి లేవకుండ్రి. నేనొచ్చే దాక పెరటి తలుపుకు గొళ్లెం పెట్టి ఉంచు, నీ కాళ్లు మొక్కుత."