చిన్నయ్య ఇవ్వని రక్తం

ఆగిరిపల్లి దాటాక రసాల మామిడి తోట ఒకటి. కాయ కోస్తున్న చిన్నయ్యని చెట్టు దింపేదాకా వదల్లేదు, ఎర్ర కణాల మీద పరిశోధన చేసే సుప్రజ.

"దిగానుగా, చెప్పండి. రక్తం మాటైతే మాత్రం మళ్ళీ ఎక్కేస్తా."

"రక్తం మాటేనండీ చిన్నయ్య గారూ."

"మొన్న శిబిరంలో ఇచ్చాంగా, నేనూ మా నవ్యా. ఇంకా ఏంటి?"

"అది పరీక్షకి. ఇప్పుడడిగేది ఒక సంచీడు. నవ్యకి వచ్చే నెల కాన్పు కదా, ముందే తీసి దాచిపెడదామని."

"నా కూతురికి రక్తం ఎక్కించొద్దు. డాక్టర్లకి కూడా మీరే చెప్పండి."

"అవసరమైతే?"

"అవసరమైనా వద్దు. వాళ్ళమ్మకి ఎక్కించారండీ. ఎక్కించాకే పోయింది. అంతకుముందు నాతో బానే మాట్లాడింది."

"నవ్య చెప్పలేదే నాకు."

"దానికేం తెలుసు, అది పుట్టిన కాన్పులోనే."

"ఏం జరిగిందో గుర్తుందా?"

"గుర్తుండకేం. రక్తం బాగా పోయింది, 'ఓ' గ్రూపు రక్తం కావాలన్నారు. మావాళ్ళు ముగ్గురు ఇచ్చారు."

"మీరు?"

"నేనివ్వలేదు. సరిపోల్చి చూసే టైము లేదు, ఓకి ఓయే కదా అన్నారు. సగం సంచీ ఎక్కకముందే చలేస్తోందంది. రెండు దుప్పట్లు కప్పినా వణుకే. నడుం పట్టేసిందంది. మూత్రం... వద్దులెండి."

"ఎర్రగా వచ్చిందా?"

"మీకెలా తెలుసు?"

"నేను చదివేదే అది. చిన్నయ్య గారూ, ఆవిడది ఓ గ్రూపు కాదు."

"ఓ అనే చెప్పారండీ."

"పైపైన చూస్తే అలాగే కనపడుద్ది. ఎవరి ఎర్ర కణం మీదైనా పునాదిలాంటి పదార్థం ఒకటుంటుంది. ఓ వాళ్ళకీ ఉంటుంది. వేలల్లో ఏ ఒక్కరికో అది కూడా ఉండదు. వాళ్ళకి ఓ రక్తం ఎక్కిస్తే, ఒళ్ళు దాన్ని పరాయిదనుకుని చంపేస్తుంది. వాళ్ళకి వాళ్ళలాంటివాళ్ళదే కావాలి."

"అంటే ఎక్కించడం తప్పు కాదు. ఎక్కించిన రక్తమే తప్పు."

"అంతే."

"నవ్యదీ..."

"అదే రక్తం. అందుకే మీ వెంటపడ్డాను. ఎనిమిదేళ్ళ నుంచి ఈ రక్తమున్నవాళ్ళ కోసం ఊళ్ళు తిరుగుతున్నా. దగ్గర్లో ఉన్నది మీరొక్కరే. అమ్మానాన్నలిద్దరిదీ అదైతే పిల్లలకి తప్పకుండా వస్తుంది. మేనరికాలున్న ఇళ్ళల్లో..."

"ఆగండి. ఇద్దరిదీ అన్నారు."

"ముందు నవ్య సంగతి చూద్దామండీ."

"ఇద్దరిదీ అన్నారు."

"అన్నాను. మీదీ అదే."

"మా ఆవిడ కృష్ణవేణి నా మేనమామ కూతురండీ."

"ఊఁ."

"అప్పుడు నాది ఎక్కిస్తే సరిపోయేదా?"

"ఇంకా చాలా చూడాలండీ. ఇన్నేళ్ళయ్యాక ఇప్పుడు..."

"సరిపోయేదా అమ్మా?"

"సరిపోయేది."

"పక్కనే ఉన్నానండీ నేను. మంచం పక్కనే."

"అప్పుడెవరికీ తెలీదు కదా. సూదంటే భయపడటం తప్పేం కాదు. మొన్న శిబిరంలో కూడా మీరు కళ్ళు మూసుకున్నారు, చూశాను."

"భయమనే అనుకోండి."

"మిమ్మల్ని ఏడిపించాలని రాలేదు. నవ్యకి అలా జరక్కూడదని వచ్చాను."

"ఎక్కడికి రావాలి?"

"విజయవాడ. రేపు కారు పంపిస్తాను. ఇస్తారుగా?"

"కారొద్దు, బస్సుంది. ఎంత కావాలంటే అంత తీసుకోండి. కూతురికిస్తే వరస మారదుగా."

"వరసేంటి?"

"భయం కాదండీ. అందరికంటే ముందు చొక్కా చెయ్యి మడిచింది నేనే. ఆవిడే వద్దంది. 'నీ రక్తం నాకెక్కితే ఇద్దరం ఒక్క రక్తం అయిపోతాం, వరస మారిపోద్ది. ఇంటికెళ్ళాక నిన్ను బావా అనాలా, అన్నయ్యా అనాలా?' అని నవ్విందండీ. నేనూ నవ్వి, చెయ్యి దించేసుకున్నా."