మోటబావి దగ్గర ఇచ్చిన మాట

(బొల్లాపల్లి దగ్గర ఒక ఊరు, 1959. రేపు పంచాయతీ ప్రెసిడెంటు ఎన్నిక. పాలెంలో, అభ్యర్థి అయిన రిటైర్డు బడిపంతులు రాజారత్నం ఇంట్లో ఆయనా, భార్య జ్ఞానమ్మా.)

"పాలెం ఓట్లు నూట నలభై, జ్ఞానమ్మా. అన్నీ మన లాంతరు గుర్తు పెట్టెలోనే. ఒక్కటి బయటికి పోదు, రాసిపెట్టుకో."

"కాఫీ చల్లారిపోతంది. తాగండి."

"నువ్వేంది, మూడు రోజుల్నించి ఉలకవు, పలకవు? నిన్న మీటింగు చూడలా? 'మాట తప్పినోడు మనిషే కాడు' అన్నానా, ముసలోళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. యేసుపాదమైతే ఎక్కెక్కి ఏడిచాడు."

"చూశా."

"చూశావు గదా! మనుషుల్ని అంత కదిలించిన మాటకి ఓట్లు పడవా?"

"యేసుపాదం ఏడిచింది అందుక్కాదు."

"మరి?"

"ముందు కాఫీ తాగండి."

"కాఫీ సంగతి తర్వాత. ముందు చెప్పు."

"పాలెం ఓట్లు బండి గుర్తు పెట్టెలో పడతాయండీ. మీ మీద నిలబడ్డ చెన్నకేశవులు గారి పెట్టెలో. అన్నీ."

"ఎవరు కూశారు?"

"ఎవరూ కుయ్యలా. నాకు తెలుసు."

"సారా పోయించాడా?"

"సారా గాదు, నీళ్ళు. పోయిన ఎండాకాలం మీరు టైఫాయిడ్‌తో మంచాన పడ్డారు, గుర్తుందా? పాలెం బావి అడుగంటింది. ఆడోళ్ళమంతా కుండలు పట్టుకుని ఆయన పొగాకు చేలో మోటబావికి పోయాం."

"రానిచ్చాడు గదా. పెద్దమనిషి తరహా అని నేనే మెచ్చుకున్నా."

"ఊరికే రానిచ్చాడా! అందర్నీ గట్టు మీద నిలబెట్టి, ఈ ఎన్నికలో ఇంటిల్లిపాదీ తనకే ఓటెయ్యాలని బైబిలు మీద చెయ్యి పెట్టించాడు. ఇంటికొకరు. ఆ తర్వాతే చేద వెయ్యనిచ్చాడు."

"బైబిలా? ఆయనకి బైబిలెక్కడిది? గుళ్ళోది పాస్టరు గారు బీరువాలో పెట్టి తాళమేస్తారు. పాలెంలో ఇంకోటి..."

"అప్పటికి మీరు నిలబడతారని ఎవరికి తెలుసు? మీకే తెలియదు. నీళ్ళు కావాలి, ఓటుదేముందిలే అనుకున్నారు ఆడోళ్ళు."

"సరే, అయ్యిందేదో అయ్యింది. తెర చాటున ఎవరి పెట్టెలో ఏశారో ఎవరు చూస్తారే?"

"'ఎవరూ చూడకపోయినా దేవుడు చూస్తాడు' అని మొన్న రచ్చబండ కాడ అరిచింది ఎవరు?"

"నేనే."

"'పెళ్ళాం ఇచ్చిన మాటయినా మొగుడు నిలబెట్టాల, ఇంటి పరువు ఒకటే' అన్నది ఎవరు?"

"నేనేలే."

"అందుకే ఏడిచాడు యేసుపాదం. అతనికి మీకే వెయ్యాలని ఉంది. అక్కడ చెయ్యి పెట్టింది వాళ్ళావిడ. మీరు మీటింగు పెట్టిన ప్రతిసారీ ఆ ముడి ఇంకాస్త బిగిసింది. అసలు మీ మీటింగులకి పెట్రోమాక్సు లైటు ఎవరు పంపించారు?"

"చెన్నకేశవులే. ఎదురు నిలబడ్డా మర్యాద తప్పలేదని..."

"మర్యాదా!"

"అబ్బ... నా నోటితోనే తన పెట్టె నింపుకున్నాడా! కొరివితో తల గోక్కున్నాను గదే."

"ఇంకా టైముంది. సాయంత్రం ఆఖరి మీటింగు ఉంది గదా. గొంతెండిపోయినోళ్ళ చేత చేయించిన ప్రమాణం ప్రమాణమే గాదని ఒక్క మాట చెప్పండి. పాస్టరు గారు చెప్పినా నమ్మరు, మీరు చెబితే నమ్ముతారు."

"అది ప్రమాణం గాదని నాకూ తెలుసు."

"మరింకేం!"

"ఆ మాట ఎవరైనా చెప్పొచ్చు, నేను చెప్పకూడదు. నిన్నటిదాకా మాట మీద నిలబడమని, ఓట్లు పోతున్నాయని తెలిశాక తప్పమనేదా? నలభై ఏళ్ళు పిల్లలకి చెప్పిందంతా ఏమైపోవాల?"

"పిల్లలకి చెప్పింది సరే. బావి సంగతేంది? గెలిస్తే పాలెంలో కొత్త బావి తవ్విస్తానన్నారు. ఓడిపోతే పైయేడు మళ్ళీ ఆ గట్టు మీదే నిలబడాల మేము. అదీ మీ మాటే గదా?"

"నన్ను చంపకే."

"చెప్పండి."

"నాకు బాధ లేదనుకున్నావా? లోపల కాలిపోతంది. అయినా నా నోటెంట ఆ మాట రాదు. ఓడిపోతే ఓడిపోతా."

"చెప్పరా?"

"చెప్పను."

"మీ కోసం గాదండీ. నా కోసం చెప్పండి."

"నీకెందుకే అంత? ఊరుకో, ఏడవబాక. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. రచ్చ పోతే పోయింది, ఇల్లన్నా మిగిలింది. రేపు ఇద్దరం కలిసిపోయి మనింటి రెండు ఓట్లూ లాంతరు పెట్టెలో ఏసొద్దాం. చెన్నకేశవులు కూడా చూస్తాడు, రెండన్నా పడినయ్యని. ఏమే? ఏందట్టా చూస్తావు?"

"ఇందాక అడిగారే, బైబిలెక్కడిదని."

"ఆఁ. ఎక్కడిది?"

"మీదేనండీ. మీరు మంచంలో నీళ్ళు నీళ్ళని కలవరిస్తంటే, ఆయన తెమ్మన్నాడని నేనే పట్టుకుపోయా. మొదట చెయ్యి పెట్టింది నేనే. మన రెండు ఓట్లకీ."