మూడొందల గ్రాముల చెమట

రెండింటికల్లా తూకం. గిల్దో ఇంకా మూడొందల గ్రాములు ఎక్కువున్నాడు. వరసగా మూడు బాక్సింగ్ పోటీలు ఓడినవాడు, ఈసారి తూకంలోనే తప్పితే ఇక రింగులోకి పిలిచేవాడు ఉండడు. కొరియాలోని ఇంచియాన్‌లో ఒక పాత స్నానశాల ఆవిరిగదిలో రెండు ఉన్ని చొక్కాలు తొడుక్కుని ఉడికిపోతూ, లేచి పారిపోదామా అని చూస్తున్నాడు. అది కనిపెట్టి, వాడికి ఆట నేర్పిన ముసలి మేంగ్ గొంతు సవరించుకున్నాడు.

"ఇదీ ఒక వేడేనంట్రా! ముచొల్ అని నా శిష్యుడొకడు, నాలుగు కిలోలు దించాలి. ఇదే బల్ల మీద కూచోబెట్టా. గంటకల్లా గదిలో చెమట మోకాళ్ల దాకా వచ్చింది, ఒట్టు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? యజమాని కుళాయిలు కట్టేసి ఆ నీళ్లే తొట్లలోకి వదిలాడు."

"ఉప్పగా ఉండవూ?" అన్నాడు ఒళ్లు రుద్దే ప్యో, గుడ్డ పిండుకుంటూ.

"ఉప్పగా ఉండబట్టే గదా, పేటలో ఆడవాళ్లంతా బిందెలతో పట్టుకెళ్లి కిమ్చీ పచ్చడికి క్యాబేజీలు నానేసుకున్నారు! ఆ ఏడాది ఉప్పు కొన్న ఇల్లు లేదు."

"మరి ముచొల్ ఏమయ్యాడు గురువుగారూ?" గిల్దోకి నవ్వాగడంలేదు.

"అక్కడికే వస్తున్నా. తేలికైపోయి, ఆవిరితోపాటు లేచి పైకప్పుకి అంటుకున్నాడు. కాలు పట్టి లాక్కెళ్లి తూకమెక్కిస్తే ముల్లు సున్నాకి కిందికి పోయింది! అధికారులు హడలిపోయి, బరువుకని చేతికో కిమ్చీ జాడీ ఇచ్చారు. మర్నాడు ఒక్కటంటే ఒక్క గుద్దు గుద్దాడు, అవతలివాడు ఎగిరెళ్లి దేశం ఆ చివరున్న బూసాన్ సంతలో చేపల బుట్టలో పడ్డాడు. మనవాళ్లు వెళ్లేసరికి బేరం కూడా అయిపోయింది!"

గిల్దో పొట్ట పట్టుకుని నవ్వాడు. చెమట ధారలు కట్టింది.

"అన్నా, చాల్లే," అన్నాడు ప్యో. "ముచొలూ లేడు, గిచొలూ లేడు. ఆ రోజు ఇక్కడ కూచున్నది నువ్వు. పన్నెండు నిమిషాలకే బయటికొచ్చి రెండు గిన్నెల చల్లటి బియ్యం పానకం తాగేశావు. తూకానికే వెళ్లలేదు. ఆ పానకం తెచ్చిచ్చింది నేనే."

మేంగ్ మొహం తుడుచుకున్నాడు.

"నిజమేరా," అన్నాడు. "మళ్లీ నన్ను రింగులోకి ఎవరూ పిలవలేదు. ఆ రోజు నా పక్కన కూచుని కోతలు కోసేవాడు ఒక్కడూ లేడు."

గిల్దోకి ఆ ముసలాయన మీద పట్టలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని ఆయన పక్కకి జరిగాడు.

"కోయండి గురువుగారూ, ఇంకా అరగంట కూచోవాలి."