సీట్లో పెట్టిన మూత

"తాతా, ఆదివారం ఆ పాత కారులో షికారుకెళ్ళొచ్చావు. ఎలగ జరిగిందో ఒక్క ముక్కా సెప్పలేదు. అప్పట్నుంచి వీధిలోకీ ఇంట్లోకీ తిరుగుతానే ఉన్నావు. ఏటయ్యింది?"

షికారా? నువ్వు షికారంటావు. గుమ్మంలో కూకోకే అమ్మీ, నాకడ్డు. అలగ జరుగు. కాలు నిలవటం లేదు, తిరుగుతానే సెప్తాను, ఇను.

మన సాలూర్లో రైసుమిల్లు సిన్నబాబు లేడూ? ఆడి నాన్న మిల్లుబాబు దగ్గర నాను కారు తోలినాను. నల్లకారు. గేరు కడ్డీ స్టీరింగు పక్కనే ఉంటాది. ఆ కారు ఇన్నాళ్ళూ మిల్లు ఎనకాల కోళ్ళు గుడ్లు పెట్టుకోడానికి పనికొచ్చింది. సిన్నబాబు ఇప్పుడు బాగుసేయించినాడు. సీట్లకి ఎర్రతోలు ఏయించినాడు. నల్లకారుకి ఎర్రతోలేటే? పెళ్ళిబేండోళ్ళ కారనుకున్నాను. సరే, ఆడి కారు, ఆడిష్టం.

ఆదివారం పొద్దున్న మనింటి ముందు హారను కొట్టి, "ఏరా సింహాచలం, రా, మక్కువ రోడ్డు మీద అలగ తిరిగొద్దాం" అన్నాడు. నాకంటే పదిహేనేళ్ళు సిన్నోడు, ఇప్పటికీ ఏరా అనే అంటాడు. నానెందుకెల్లినానో తెల్సా? షికారుకి కాదు. తప్పు నాది, నీది కాదు అని ఆడి నోటంట ఒక్క మాట ఇందామని.

ఏ తప్పంటే... మీ నాయనప్పుడు మీ మామ్మ కడుపులో ఉన్నాడు. కాదు కాదు, మీ నాయన పుట్టేసినాడు, కడుపులో ఉన్నది మీ అత్త. మీ మామ్మకి పనసతొనలు కావాలని ఒకటే గోల, పనసపండు అప్పుడెంత సవకో. అదొగ్గేయ్. వారానికోసారి నాను రేడియేటర్లో పాతనీళ్ళు వదిలేసి, తుప్పంతా కడిగి, మళ్ళీ నింపేవోణ్ణి. నీళ్ళు లేనంతసేపు రేడియేటరు మూత తీసికెల్లి డ్రైవరు సీట్లో పెట్టాల. కూకోబోతే గుచ్చుకుంటాది. ఆ బండి ముట్టకూడదని గుర్తు. సాలూరు డ్రైవర్లలో అది తెలీనోడు లేడు. ఆ దినం నీళ్ళు వదిలేసి, మూత సీట్లో పెట్టి, బువ్వకి ఇంటికొచ్చినాను. తినేసి ఎల్లేసరికి కారు లేదు.

సిన్నబాబు. మీసం కూడా సరిగ్గా రాలేదప్పటికి. నేస్తాలకి సూపించాలని బొబ్బిలి రోడ్డెక్కించినాడు. నీళ్ళు లేక ఇంజిను కాలి పట్టేసింది. ఎడ్లబండికి కట్టి లాక్కొచ్చినారు. నాన్న అడిగితే ఏటన్నాడు? "సింహాచలం నీళ్ళు పొయ్యడం మరిసిపోనాడు నాన్నా" అన్నాడు. నాను! పొద్దున్న లేచి ముందు కారుకి నీళ్ళు సూసి, తర్వాత నా మొకం కడుక్కునేవోణ్ణి. మిల్లుబాబు బస్తాలు మోసే కళాసీలందరి ముందరా సెయ్యి సాపి తాళాలు అడిగినాడు. ఇచ్చేసినాను. ఒక్క మాటనలేదు. నానెందుకనాల? సీట్లో మూత ఆడికి కనబళ్ళేదా? ఆ తర్వాత బతుకంతా సుంకి ఘాటీ కొండమలుపుల్లో లారీ తోలినాను. ఒక్క ఇంజిను కాల్సలేదు. రాసుకో.

ఆదివారం నన్ను ఎనకసీట్లో కూకోబెట్టినాడు. ఆడే తోలతన్నాడు. పక్కన ఆడి అల్లుడు, ఇశాపట్నం కుర్రోడు, ఫోన్లో వీడియో తీస్తన్నాడు. బండి ఎంత మెల్లగా పోతన్నాదంటే గేదెలు మమ్మల్ని దాటిపోనాయి. మామిడితోటలు, వరిమళ్ళు, అన్నీ బాగానే ఉన్నాయి. నాకేటి కనిపిస్తాది? ఆడు గేరు మార్సినపుడల్లా నా ఎడంకాలు క్లచ్చు తొక్కుతన్నాది.

అప్పుడు అల్లుడితో నవ్వుతా అన్నాడు కదా, "మా సింహాచలం ఓసారి నీళ్ళు పొయ్యడం మరిసిపోయి ఈ ఇంజినే కాల్చేసినాడు. పాపం, మంచోడే." పాపమట! నా ఒళ్ళు మండిపోనాది.

సరిగ్గా అప్పుడే ఫేను బెల్టు కూసింది. వదులైపోనాది, ఫేను తిరక్కపోతే ఇంజిను కాలిపోద్ది. కాసేపటికి వేడి కంపు కూడా తగిలింది. ఆడికి తెలీలేదు. నీకు నిజం సెప్తన్నాను, ఎవులికీ సెప్పకు. నాను నోరిప్పలేదు. ఇంజిను కాలిపోనీ, అల్లుడి ముందరే కాలిపోనీ, ఎవుడు కాల్సినాడో ఈసారందరూ సూస్తారు అనుకున్నాను. ఒక ఊరు దాటింది. ఇంకో ఊరు వచ్చింది. ఉండలేకపోనానే అమ్మీ. బండేటి సేసింది పాపం? "ఆపు!" అని అరిసినాను.

సిన్నబాబు దిగి రేడియేటరు మూత తిప్పబోతన్నాడు. సెయ్యి మీద ఒక్కటిచ్చినాను. "మొకం కాలిపోద్ది, దూరం జరుగు!" అన్నాను. మిల్లుబాబు కొడుకుని కొట్టినాను సూడు! మామిడినీడలో సల్లారబెట్టి, మూత తీసి, డ్రైవరు సీట్లో పెట్టి, డబ్బా పట్టుకుని బోరింగు కాడికెల్లినాను. అలవాటు. తిరిగొచ్చేసరికి అల్లుడు అడిగినాడు, "మూత సీట్లో పెట్టావేటి తాతా, పారిపోతాదేటి?"

"నీళ్ళు లేవని గుర్తు బాబూ. సూసినోడు బండి తియ్యడు."

సిన్నబాబు మూతకేసి సూసినాడు. నాకేసి సూసినాడు. మొకం పాలిపోనాది. "అది గుర్తా?" అన్నాడు. "ఆ రోజు మూత సీట్లోనే ఉంది. బిగించడం నువ్వు మరిసిపోనావనుకుని నానే బిగించినానురా. నీళ్ళూ మరిసిపోయుంటావనుకున్నాను. నాకెవులూ సెప్పలేదు."

సెప్పలేదట. నిజమే, నాను సెప్పలేదు. మిల్లులో పుట్టినోడికి ఆమాత్రం తెలీదా అనుకున్నాను. ఆ దినం కళాసీల ముందర ఒక్క మాట, మూత సీట్లో పెట్టినాను బాబూ అనుంటే? అనలేదు. అడిగితే కదా సెప్పడానికి!

బెల్టు బిగించి, నీళ్ళు పోసి, నానే తోలుకొచ్చినాను. ఆడు ఎనకసీట్లో కూకున్నాడు. ఆడు అబద్ధమాడినాడనుకుని ఇన్నేళ్ళూ హాయిగా తిట్టుకున్నాను. ఇప్పుడెవుణ్ణి తిట్టాలే?

నువ్వు సల్లగుండాలే అమ్మీ. నాలాగ బిగుసుకుపోకు. కోపమొస్తే ఆ పూటే అడిగేయ్, గట్టిగా అరిసైనా అడుగు, పరవాలేదు.

ఫోను మోగుతున్నాదేటి? ఎవులు? ఆడేనా? ఎత్తకు. పొద్దున్న కూడా సేసినాడు, ఎత్తలేదు. మోగనీ... ఇంకా మోగుతున్నాదే. ఇలా తే. ఏరా అన్నాడంటే పెట్టేస్తాను సూడు. అలో... ఆఁ, నానే. సెప్పు. ఏటీ... వచ్చే ఆదివారం కారులో ఎక్కడ కూకుంటానా? అదేటి ప్రశ్న బాబూ...